ఎడమవైపు పిడి

నేను కలకత్తా వెళ్ళి, ఇద్దరు తెల్ల లాయర్ల ఎదుట నిలబడి, వేంపల్లె ఆచారి చేసిన యంత్రాన్ని గెలిపించుకొని వచ్చానని మా చుట్టాల్లో సగం మందికి తెలుసు. పెళ్ళిళ్ళలో బంతి లేచాక, వక్కాకు నములుతూ కూర్చున్న చోట ఈ కథ చాలాసార్లు చెప్పాను. ఒక్కోసారి తెల్ల లాయర్లు ముగ్గురయ్యేవారు. ఒకసారి హుగ్లీ నదిలో స్నానం కూడా చేశాను.

నేను కలకత్తా చూడలేదు. ఆ పని మీద నేను వెళ్ళిన అతి దూరం వేంపల్లె. కడపలో బస్సెక్కితే ఒక పూటలో వెళ్ళిరావచ్చు. ఇప్పుడు పళ్ళూ పోయాయి, ఆ కథ విన్నవాళ్ళలో చాలామందీ పోయారు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెడదామని కూర్చున్నాను. రాస్తుంటే కూడా చేయి అక్కడక్కడ పెంచబోతుంది. పట్టుబడిన చోట నేనే చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆ జిల్లా పడమటి వైపు పల్లె. టైపు నేర్చుకున్నాను గనుక సర్కారు ఉద్యోగం వస్తుందని కర్నూల్లో ఆఫీసుల డేరాల చుట్టూ ఎండలో తిరిగాను. ఒక మంత్రిగారికి ఉపన్యాసం టైపు చేసి ఇచ్చాను. లేదు, ఇవ్వలేదు. ఆయన డేరా బయట బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నాను, అంతే. ఉద్యోగం రాక, తెలిసినవాళ్ళ మాట మీద కడపలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేరాను. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు.

ప్లీడరుగారు అందరిలాగే పొలం తగాదాలు, పాలు పంపకాలు చూసేవారు. అయితే మద్రాసులో ఉండగా పేటెంట్లు, ట్రేడుమార్కులు చూసే ఒక ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేసి వచ్చారు. చుట్టుపక్కల ఆ విద్య తెలిసినవాడు మరొకడు లేడు. మొదట్లో ఆ సంగతి జనానికి అర్థం కాలేదు. ఒక బీడీల వ్యాపారి వచ్చేదాకా ఆయన తన పేటెంటు పుస్తకాల బీరువా తెరవనే లేదు. ఆ వ్యాపారి కట్టల మీద నెమలి బొమ్మ ఉండేది. ఎవడో అదే రంగు, అదే నెమలి వేసి బీడీలు అమ్మడం మొదలుపెట్టాడు. అడిగితే, "మీ నెమలి కుడిపక్క చూస్తాండాది, మాది ఎడంపక్క చూస్తాండాది, రెండూ యాడ ఒకటి?" అన్నాడట. ప్లీడరుగారు రెండు కట్టలూ అద్దం ముందు పెట్టి చూపించి, ఆ నెమలిని అంగట్లోంచి దింపించారు. అప్పటినుంచి పళ్ళపొడి వాళ్ళు, నశ్యం వాళ్ళు, తలనూనె వాళ్ళు ఒకరొకరే రావడం మొదలయింది.

వచ్చినవాళ్ళకు ఆయన చెప్పే మాట ఒకటే. "పొలానికి గట్టురాళ్ళు పాతుకుంటారు గదా. తలకాయలో పుట్టినదానికి రాళ్ళుండవు. ఎవడైనా దున్నుకుంటాడు. ఆ రాళ్ళు పాతే పని నాది. కానీ నేను రాయి పాతకముందే నువ్వు ఊరందరినీ పిలిచి పొలం చూపిస్తే, నేను చేయగలిగింది లేదు."

ఈ చివరి ముక్కను నేను ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. అయినా నాకు ఎక్కలేదు.

వేంపల్లె ఆచారి మా ఆఫీసుకు వచ్చింది వానలు వెనకబట్టే వేళ. కమ్మరం, వడ్రంగం రెండూ చేసే మనిషి. మోకాళ్ళ దాకా పంచె, చేతులనిండా నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు. గోనెసంచిలో చుట్టి ఒక వస్తువును బస్సు మీద వేయించుకొని తెచ్చాడు. తలుపులు మూసి విప్పాడు. వేరుశనగ కాయలు ఒలిచే యంత్రం.

అలాంటి యంత్రాలు అప్పటికే ఉన్నాయి. ఇనుప కమ్మీలు కాయను నలిపి పొట్టు రాల్చేవి. దానితో పాటు గింజ కూడా బద్దలయ్యేది. నూనెకయితే పరవాలేదు, విత్తనానికి పనికిరాదు. అందుకే విత్తనం కాయలు ఆడవాళ్ళు చేత్తోనే ఒలిచేవారు, వేళ్ళు పుళ్ళు పడేదాకా. ఆచారి ఇనుప కమ్మీల బదులు కట్టెకు లారీ టైరు ముక్కలు కొట్టాడు. కింద ఉండే జల్లెడను బిగించకుండా నాలుగు స్ప్రింగుల మీద వేలాడదీశాడు. పెద్ద కాయ పడితే జల్లెడ కిందికి తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది. గింజ నలగదు.

ప్లీడరుగారు పిడి పట్టుకొని తిప్పారు. దోసెడు కాయలు వేస్తే దోసెడు గింజలు పొట్టు మీద ఎర్రగా, చెక్కు చెదరకుండా రాలాయి. ఆయన రెండు మూడింటిని ఏరి అరచేతిలో పెట్టుకొని తిప్పి తిప్పి చూశారు.

"ఈ ఆలోచన నీకెట్లా వచ్చింది ఆచారీ?"

"రబ్బరు మా ఇంటిదాని పుణ్యం సామీ. టైరు చెప్పుతో కాయలు రుద్ది ఒలుస్తాంటే సూసినా. ఈధిలో ఆడోళ్ళంతా అట్లనే రుద్దుతారు. జల్లెడ ఊగేది మాత్రం నాదే."

"వీధిలో అందరూ రుద్దుతారా?"

"శానామంది."

ప్లీడరుగారు తల పంకించి ఏదో రాసుకున్నారు. తరువాత చెప్పారు. దరఖాస్తు, వివరం, బొమ్మ కలకత్తాలోని పేటెంటు ఆఫీసుకు పోవాలి. అది అక్కడికి చేరవలసిన రోజే దరఖాస్తు తేదీ. ఆ తేదీ దాకా యంత్రం పరాయి కంట పడకూడదు. పడితే, ఇది అందరికీ తెలిసిందేనని ఎవడైనా అడ్డుపడవచ్చు.

ఆచారి ముఖం ముడుచుకుంది. "ఆయుధపూజ దగ్గరికొచ్చె గద సామీ. కొత్తగా చేసిన పనిముట్టును ఆ పొద్దు వాకిట్లో పెట్టి పూజ చేయల్ల. వాడకట్టంతా వచ్చి కండ్లకద్దుకొని బొరుగులు తీసుకోవల్ల. అట్ల చేయకపోతే అది మా కొలిమి బిడ్డ కాదు. మా నాయన చేసిన మడకనుంచి అన్నిటికీ చేసినాము."

"పూజ ఎప్పుడు?"

"వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం."

ప్లీడరుగారు వేళ్ళు ముడిచి చూశారు. "ముందు బుధవారం ఇక్కడ పోస్టు చేస్తే శనివారానికి చేరుతుంది. శనివారం దాకా గోనె తీయకు. సోమవారం నీ ఇష్టమొచ్చినట్టు పూజ చేసుకో."

ఇక మిగిలింది బొమ్మ. ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో, గీత చెదరకుండా వేయాలి. మద్రాసులో ఒక ఆయన వేసి పంపేవాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"సార్, నేను వేస్తాను. కర్నూల్లో ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నాను."

నేను నేర్చుకున్నది మా ఊళ్ళో ఎద్దుబండ్ల పలకల మీద తామరపూలు, చిలకలు. ఇంజనీర్లను దూరం నుంచి చూశాను. కానీ ఆచారి నావైపు చూసిన చూపు అలాంటిది. ఆ యంత్రం ముందు నేనూ ఒక పనివాణ్ణని అనిపించుకోవాలనిపించింది. ప్లీడరుగారు నన్ను ఒక క్షణం చూసి, మద్రాసుకు రాసి తెప్పించే వ్యవధి లేదు గనుక సరే అన్నారు. కొలతలన్నీ రాసుకున్నాక ఆచారి యంత్రాన్ని మళ్ళీ గోనెలో చుట్టుకొని వెళ్ళిపోయాడు.

మొదటి బొమ్మ మంగళవారం పూర్తయ్యేది. జల్లెడ గీస్తుండగా నుదుటి చెమట దాని మీద పడి సిరా సాలెపురుగులా పాకింది. రెండోది బుధవారం ఉదయం వేశాను. అందులో స్ప్రింగులు మూడే ఉన్నాయి. నాలుగోదాన్ని ఇరికిద్దామంటే చోటు లేదు. ఆ సాయంత్రం ప్లీడరుగారు దసరాకు కూతురింటికి మద్రాసు బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అడిగారు.

"కవరు పంపించావా?"

"పంపించాను సార్."

ఇంత చిన్న మాట. అప్పటిదాకా నేను ఆడినవాటిలో అతి పొట్టి అబద్ధం ఇదే. గురువారం పంపితే మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాను. గురువారం కొత్త గుడ్డ దొరకలేదు. దొరికేసరికి శుక్రవారం మధ్యాహ్నం. శనివారం ఉదయం బొమ్మ ముగించి, పోస్టాఫీసులో రిజిస్టరు చేసి రసీదు తీసుకున్నాను. ఆ కవరు మంగళవారానికి గాని చేరదు. ఆచారి సోమవారం వాకిట్లో యంత్రం పెడతాడు.

ఆదివారం వేంపల్లెకు బస్సు లేదని అందరికీ చెప్పేవాణ్ణి. బస్సు ఉంది. నాకు ధైర్యం లేదు. ఆ రోజంతా ఇంట్లో ఒక మూల కూర్చున్నాను. ఏమయిందని మా ఆవిడ అడిగితే కడుపునొప్పి అన్నాను. ఆమె వాము నూరి పెట్టింది. అది మింగుతుంటే ఇంకో సంగతి తట్టింది. గుడ్డ పలచన గదా, రెండు వైపులనుంచీ గీత కనిపిస్తుంది. చెమట పడి పాడైన మొదటి గుడ్డనే చిత్తుగా కింద వేసి కొత్తదాన్ని పరిచేటప్పుడు ఆ చిత్తును తిరగేసి పెట్టాను. అంటే యంత్రానికి కుడివైపు ఉన్న పిడి కలకత్తా పోయే బొమ్మలో ఎడమవైపు ఉంది. బీడీకట్ట మీది నెమలి లాగే.

సోమవారం మొదటి బస్సు ఎక్కాను. పూజ కాకముందే ఆపాలి, ఏదో ఒకటి చెప్పాలి. బస్సు ముక్కుకు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. డ్రైవరు బస్సుకు హారతి ఇచ్చేదాకా కదలలేదు. దారిలో ఆగిన ప్రతి చోటా ఎవరో ఒకరు గుమ్మడికాయ కొడుతున్నారు. ఊరూరా పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి వాకిళ్ళలో పేర్చి ఉన్నాయి. మడకలు, కొడవళ్ళు, కుట్టుమిషను, చివరికి ఒక చోట తూకం రాళ్ళు.

నేను దిగేసరికి ఆచారి వాకిట్లో పూజ అయిపోయింది. యంత్రం అరుగు మీద పీట వేసి పెట్టి ఉంది. పసుపు, కుంకుమ, బంతిపూలు. గోనె లేదు. వాడకట్టు జనం ముప్పై నలభై మంది చుట్టూ మూగి బొరుగులు తింటున్నారు.

ఆచారి నన్ను చూసి పొంగిపోయాడు. "ఏమప్పా గుమాస్తప్పా, పండగ పూట మా ఇంటికొచ్చినావు. ప్లీడరుసామి పంపినాడా?"

"ఊ," అన్నాను.

"శనివారం అందింటాది గదా కాయితం?"

"ఊ," అన్నాను మళ్ళీ.

ఆయన భార్య బొరుగులు, బెల్లం దోసిట్లో పోసింది. తినలేక పట్టుకొని నిలుచున్నాను. అప్పుడు కనిపించాడు ఆ మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. ఒక పెద్ద ఊళ్ళో యంత్రాల దుకాణం నడుపుతాడట. పక్కింట్లో ఉండేది అతని బావమరిది, ఆ ఇంటికి పండగకు వచ్చాడు. అతను యంత్రం చుట్టూ తిరిగి తిరిగి చూస్తున్నాడు.

"ఏమప్పా ఆచారీ, ఒక సుట్టు తిప్పు. ఎట్ల ఒలుస్తాదో సూద్దాం."

నా దోసిట్లో బొరుగులు కిందపడ్డాయి.

ఆచారి నవ్వాడు. "ఈ పొద్దు తిప్పరాదు సామీ. సంవత్సరమంతా మనకు చాకిరీ చేసేవాటికి ఈ పొద్దొక్కటే విశ్రాంతి. పిడికి దారం కట్టినా సూడు."

నిజమే. పిడినీ, చట్రాన్నీ కలిపి పసుపుదారం చుట్టి ముడివేసి ఉంది. తొమ్మిది పోగులు.

"ఒక్క సుట్టుకు ఏమవుతాది?"

"నువ్వు యంత్రాలు అమ్మేటోనివి, నీకేమీ కాదు. నేను చేసేటోణ్ణి," అన్నాడు ఆచారి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మనిషికి ఆ నవ్వు నచ్చలేదు.

ఆచారి కొబ్బరికాయ ముక్కలు పంచడానికి అటు తిరిగాడు. ఆ మనిషి ఇటు వంగి, బంతిదండ ఎత్తి, గింజలు రాలే సందులోంచి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చాడు. పైకి నొక్కాడు. లోపల జల్లెడ లేచి మళ్ళీ దిగింది. శబ్దం కాలేదు, బంతిరేకులు మాత్రం వణికాయి. చూసింది నేనొక్కణ్ణే. అతనూ నన్ను చూశాడు.

"లోపల మెత్తగా ఉండాదే," అన్నాడు నెమ్మదిగా.

అక్కడ ఏమైనా చేయగలిగేవాడు చేసి ఉండేవాడు. నాకు చేతనయింది ఒకటే. "దానికి కలకత్తా నుంచి సర్కారు నంబరు వచ్చేసింది. ముట్టుకుంటే జైలే," అన్నాను.

"ఔనా? నంబరెంత?"

జేబులో చేయి పెట్టాను. తగిలిన కాగితం తీసి, పొట్టకు దగ్గరగా పట్టుకొని, దాని మీది నంబరు గంభీరంగా చదివాను. అతను రెండు కలాల్లో ఒకదాన్ని తీసి ఆ నంబరు అరచేతిలో రాసుకున్నాడు.

నేను చదివింది బస్సు టికెట్టు.

ఆ తరువాతి ఏడాది ఎలా గడిచిందో చెప్పడానికి పెంచనక్కరలేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే టైపు చేస్తున్న వేళ్ళు తప్పు అక్షరాల మీద పడేవి. ప్లీడరుగారు మద్రాసు నుంచి వచ్చి ఫైలు అడగలేదు. రసీదు నా పెట్టెలో, పెళ్ళి ధోవతి మడతల్లో దాచాను. కలకత్తా నుంచి దరఖాస్తు అందిందని నంబరుతో కార్డు వచ్చింది. తేదీ సంగతి ప్లీడరుగారు గమనిస్తారేమోనని దాన్ని నేనే చదివి వినిపించాను, తేదీ తప్ప.

ఆచారి ప్రతి సంతరోజూ ఎవరో ఒకరి చేత కబురు పంపేవాడు. యంత్రం మళ్ళీ గోనెలోకి పోయింది. మంజూరయ్యేదాకా అమ్మవద్దని ప్లీడరుగారు చెప్పారు. ఆ యంత్రం మీదే ధ్యాస పెట్టుకొని మడక కర్రులు సాగదీయడం తగ్గించాడు గనుక రైతులు పక్క ఊరి కొలిమికి మళ్ళారు. కాయలు ఒలిచే కాలం వచ్చింది, వెళ్ళింది. ఆడవాళ్ళు మళ్ళీ టైరు చెప్పులతోనే రుద్దారు. వీధిలో వాళ్ళు ఆయన్ని, "ఏమప్పా, నీ పెండ్లికూతురుకు ఇంగా ముసుగు తీయలేదా?" అని ఆటపట్టించేవారట. ఆయన భార్య ఒకసారి కడపకు ఆసుపత్రి పని మీద వచ్చి ఆఫీసుకు వచ్చింది. నన్ను చూసి, "అన్నా, నువ్వు బొమ్మ ఏసినావంట గదా. నీ చేతి పుణ్యాన మాకు మంచి జరగల్ల," అంది. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

దరఖాస్తు అంగీకరించినట్టు ప్రకటన పడింది. అభ్యంతరాలకు కొన్ని నెలల గడువు. ఇక రెండు వారాల్లో గడువు ముగుస్తుందనగా లావుపాటి కవరు వచ్చింది. ఆ యంత్రాల దుకాణం మనిషి అడ్డుపడ్డాడు.

ప్లీడరుగారు అతని అఫిడవిట్ రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఏమయ్యా. ఇతను పూజ నాడు యంత్రం చూశానంటున్నాడు. మన తేదీ దాని మరునాటిది. బుధవారం పోస్టు చేసిన కవరు మంగళవారం ఎందుకు చేరింది?"

నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

"ప్లీడరు గుమాస్తా స్వయంగా వచ్చి తప్పుడు నంబరు చెప్పాడని కూడా రాశాడు. ఈ నంబరు ఎక్కడిది?"

"బస్సు టికెట్టుది సార్."

ఆయన నవ్వుతారేమోనని ఒక వెర్రి ఆశ. నవ్వలేదు. నేను నిలబడి అంతా చెప్పాను. బండిపలకల తామరపూలు, చెమట, మూడు స్ప్రింగులు, వాము, రెండు వేళ్ళు. ధోవతి మడతల్లోంచి రసీదు తెచ్చి బల్ల మీద పెట్టాను. చెప్పనిది ఒక్కటే, పిడి సంగతి. ఆయన రసీదు మీది తేదీ చూశారు. వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. కాగితాలు నావైపు తోశారు.

"చదువు. ఇందులో ఏమైనా కనిపిస్తుందేమో చూడు. నీకు కనిపించాలి."

చదివాను. పూజ నాడు నలభై మంది ఎదుట ఆచారి యంత్రాన్ని తిప్పాడని, జల్లెడ ఊగుతుండగా తాను కళ్ళారా చూశానని, ఒక సంచి కాయలు ఒలిచి ఆ గింజలే అందరికీ ప్రసాదంగా పంచాడని, తనకు గుప్పెడు ఇచ్చాడని, అవి తాను ఇంటికి తీసుకువెళ్ళి విత్తనానికి వాడానని రాసి ఉంది. ఈ చేతివాటం నాకు తెలుసు. హుగ్లీ స్నానం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. వేలు పెట్టి చూశానని ఒక్క ముక్క రాసి ఊరుకొని ఉంటే మేం మునిగేవాళ్ళం. అతనికి అది చాలలేదు.

"పెంచాడు సార్," అన్నాను. "పూజ నాడు పనిముట్టు తిప్పే కమ్మరి ఉండడు. దారం కట్టి ఉంది. పంచింది బొరుగులు, బెల్లం."

"ఇది కలకత్తా వాళ్ళకు తెలియకపోవచ్చు. మనం చెప్పాలి. నువ్వు అక్కడున్నావు. నీ అఫిడవిట్ నువ్వే టైపు చెయ్యి. చూసింది మాత్రమే. ఒక్క ముక్క ఎక్కువ ఉన్నా చించేస్తాను."

"రెండు వేళ్ళ సంగతి?"

"రాయి."

"రాస్తే ఓడిపోతాం గదా సార్."

"రాయకపోతే నువ్వూ అతనూ ఒకటే. ఇద్దరిలో ఒకడు నిజం చెబుతున్నాడని చదివినవాడికి అనిపించాలి. టికెట్టు సంగతీ రాయి. కవరు ఆలస్యం చేసింది నువ్వేనని కూడా రాయి."

నా జీవితంలో ఎన్నో కాగితాలు టైపు చేశాను. అరపేజీ లేని ఆ కాగితానికి మూడు రోజులు పట్టింది. మొదటి ప్రతిలో ఆ మనిషి కళ్ళు నక్క కళ్ళలా ఉన్నాయని రాశాను. ప్లీడరుగారు చించారు. రెండో ప్రతిలో నేను అతని చేయి పట్టుకొని ఆపబోయానని రాశాను. అదీ చించారు. మూడోది చదివి సంతకం పెట్టవలసిన చోటు వేలితో చూపించారు. ఆచారిని, వాడకట్టులో ఆరుగురిని పిలిపించి, పూజ నాడు తమ ఊళ్ళో ఏ పనిముట్టూ కదలదని వాళ్ళ చేత కూడా వాంగ్మూలాలు రాయించి పంపారు.

ఆచారి సంతకం పెట్టడానికి వచ్చిన రోజు నేనే ఆయనకు జరిగింది చెప్పాను. విని, మచ్చలు పడిన తన చేతులు చూసుకున్నాడు.

"అంటే, నువ్వు బుధవారం ఏసింటే ఇదంతా లేదు."

"లేదు."

"నాతో ఆ పొద్దే చెప్పింటే గోనె కప్పేసిందును గద అప్పా. ఊ, ఊ అంటివే." ప్లీడరుగారి కోపం కంటే ఆ రెండు ఊలు నాకు ఎక్కువ రోజులు గుచ్చుకున్నాయి.

ఆపైన ఎదురుచూపులు. నిద్ర పట్టక మా ఆవిడకు కూడా అంతా చెప్పేశాను. ఆమె మహానందికి మొక్కుకుంది. తీర్పు ఒక వేసవి మధ్యాహ్నం వచ్చింది. ప్లీడరుగారు నిలబడే చదివారు. రబ్బరు ముక్కల సంగతి ముందే అందరికీ తెలిసిందే గనుక దాని మీద హక్కు లేదు. పూజ నాడు యంత్రం నడిచిందన్న మాట నమ్మదగింది కాదు. ఒకడు దొంగచాటుగా వేలు పెట్టి చూసినంత మాత్రాన అది లోకానికి తెలిసినట్టు కాదు. స్ప్రింగుల మీద ఊగే జల్లెడ ఆచారిదే.

ఆ కాగితాలు వేంపల్లెకు నేనే పట్టుకెళ్ళాను. ఈసారి బస్సులో అంత భయం లేదు. ఆచారి గోనె విప్పి, యంత్రాన్ని అరుగు మీద పెట్టి, పేటెంటు పట్టాను, దానితో వచ్చిన బొమ్మను పక్కన పరిచాడు. భార్య తొంగిచూసింది. ఆయన చదువుకోలేదు గానీ బొమ్మలు మాకంటే బాగా చదువుతాడు. వేలితో చట్రం, తొట్టి, జల్లెడ, నాలుగు స్ప్రింగులు ఒక్కొక్కటే ముట్టుకుంటూ వచ్చాడు. వేలు ఒక చోట ఆగింది.

"పిడి ఎడంపక్క ఉండాదే."

ఇదిగో, నా మొత్తం ప్రాయశ్చిత్తం ఆ నిమిషంలో పూర్తి కావలసింది. అంతకుముందే అరపేజీ నిజం రాసి బుద్ధి తెచ్చుకున్న మనిషిని. కానీ ఆయన ముఖం ఏడాదిన్నర తరువాత మొదటిసారి తేటగా ఉంది. ఆమె పట్టా అంచుకు కుంకుమ అద్దుతోంది.

"పిడి ఏ పక్క ఉన్నా హక్కు నీదే," అని మాత్రం అన్నాను. ప్లీడరుగారు అడిగితే చెప్పే మాటే అది. దాని తరువాత, "నేను తిరగేసి వేశాను," అని అనవలసిన మాట ఒకటుంది. అది అనలేదు.

ఆచారి బొమ్మలోని పిడినీ, యంత్రానికి ఉన్న పిడినీ మార్చి మార్చి చూశాడు. "సర్కారు కాయితంలో ఎట్ల ఉండాదో అట్లనే చేస్తే మంచిది. రేపు మళ్ళ ఎవడన్నా వచ్చి, నీది వేరే, ఇది వేరే అంటే?"

నెమళ్ళ కథ ఆయనకు చెప్పింది కూడా నేనే.

ఆ వేసవిలోనే పిడి విప్పి ఎడమవైపుకు మార్చాడు. తరువాత చేసినవన్నీ అలాగే చేశాడు. వేంపల్లె నుంచి ఎర్రగుంట్ల దాకా, ఇటు మా కర్నూలు జిల్లా పల్లెల దాకా అవి బండ్ల మీద వెళ్ళాయి. ఊగే జల్లెడను ఎవరూ ముట్టుకోలేదు. ఎడమ చేత్తో తిప్పాలి. కుడిచేత్తో తిప్పాలంటే పొట్టు రాలే పక్క నిలబడాలి, దుమ్మంతా మొహానికి.

కొన్నేళ్ళ తరువాత మా ఊరు వెళ్ళినప్పుడు ఒక కళ్ళంలో ఆ యంత్రం కనిపించింది. ఒకామె కొంగు ముక్కుకు కట్టుకొని, పొట్టు దుమ్ములో నిలబడి తిప్పుతోంది. గింజలు ఎర్రగా, నిండుగా రాలుతున్నాయి. నేను ఆగి చూస్తుంటే ఆమె చేయి దులుపుకొంది.

"బాగా ఒలుస్తాదప్పా, ఒక్క ఇత్తనం పగల్దు. కానీ ఈ పిడి ఈడ పెట్టినోడు యాడ ఉండాడో గానీ, వాని ఎడంచేయి ఇరగ."

"నాకు తెలుసమ్మా," అన్నాను. "ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నాడంట."